లక్ష కోట్లు దాటిన పరాగ్ పారిఖ్ ఫ్లెక్సీ క్యాప్: ఇంకా డబ్బు పెట్టొచ్చా?

కాకినాడ కాజా

అందరికీ నమస్కారం. 2019 నుంచి పరాగ్ పారిఖ్ ఫ్లెక్సీ క్యాప్‌లో (చిన్నా పెద్దా అన్ని సైజుల కంపెనీల షేర్లూ కొనే మ్యూచువల్ ఫండ్) నెలకి 15 వేలు సిప్, అంటే నెలవారీ వాయిదాగా, కడుతున్నాను. డైరెక్ట్ ప్లాన్ (ఏజెంటు కమీషన్ లేనిది), గ్రోత్ (లాభం పంచకుండా ఫండ్‌లోనే ఉంచేది). ఇప్పటిదాకా నాకు ఏ కంప్లయింటూ లేదు. ఊళ్ళో స్థలం అమ్మితే నా వాటాకి 20 లక్షలు వస్తున్నాయి. అవీ ఇందులోనే వేద్దామని నేను, వద్దని మా బావమరిది. "ఫండ్ లక్ష కోట్లు దాటింది, ఇంక ఒళ్ళు కదలదు, ఇండెక్స్ ఫండ్‌లో (మార్కెట్ సూచీలో ఉన్న షేర్లనే కొనేదాంట్లో) పడెయ్" అంటాడు. రేటింగ్ చూస్తే అయిదు చుక్కలు. యూట్యూబ్‌లో ఒకాయన అద్భుతమంటాడు, ఆ కిందే ఇంకొకాయన పారిపొమ్మంటాడు. మూడేళ్ళ రాబడి, అయిదేళ్ళ రాబడి చూడటం నాకూ వచ్చు. అవి కాకుండా ఇంకేం చూడాలో చెప్పండి.

లెక్కల మాస్టారు

కాజా గారూ, రాబడి ఎంత అని కాదు, అది ఎక్కణ్ణుంచి వచ్చింది అని చూడాలి. ఆ తరవాత, ఆ దారి ఇప్పటికీ తెరిచి ఉందా అని. పెద్ద ఫండ్‌కి ఈ రెండో ప్రశ్నే ముఖ్యం.

ఈ ఫండ్ 2013 మేలో లాంగ్ టర్మ్ వాల్యూ ఫండ్ అన్న పేరుతో మొదలైంది. తరవాత లాంగ్ టర్మ్ ఈక్విటీ అయింది. 2020 నవంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఫ్లెక్సీ క్యాప్ అనే కేటగిరీ పెట్టాక ఇప్పటి పేరు వచ్చింది. పేర్లు మారినా మొదటి నుంచీ పగ్గాలు ఫండ్ మేనేజర్ రాజీవ్ ఠక్కర్ చేతిలోనే ఉన్నాయి. పది రూపాయల యూనిట్ 2025 మధ్యకి 80 దాటింది. నా లెక్కలో ఇది మూడు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి, అమెరికా షేర్లు: ఆల్ఫాబెట్, మైక్రోసాఫ్ట్, అమెజాన్, మెటా. రెండు, మార్కెట్ ఖరీదుగా అనిపించినప్పుడు డబ్బు చేతిలో ఉంచుకునే ఓపిక. మూడు, ఇండియాలో నలుగురూ ఎగబడని చోట కొనడం. పెర్సిస్టెంట్ సిస్టమ్స్, బాలకృష్ణ ఇండస్ట్రీస్, మహారాష్ట్ర స్కూటర్స్, ఇక్రా లాంటివి అప్పట్లో పోర్ట్‌ఫోలియోలో కనపడేవి.

ఇప్పుడు ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా చూడండి. అమెరికా సంగతి తీసుకుంటే, మన ఫండ్లన్నీ కలిపి విదేశీ షేర్లలో 7 బిలియన్ డాలర్లకి మించి పెట్టకూడదని పరిమితి ఉంది. 2022 ఫిబ్రవరిలో ఆ గీత దగ్గరికి రాగానే కొత్తగా కొనద్దంది సెబీ. తరవాత కొంత వెసులుబాటు ఇచ్చినా, నెలనెలా వచ్చిపడే సిప్ డబ్బుకి అది ఏ మూలకీ చాలదు. 2021లో ఫండ్‌లో పావు వంతు పైన ఉన్న విదేశీ వాటా 2025కి పదకొండు, పన్నెండు శాతానికి దిగింది. ఆ షేర్లు పెరిగినా వాటా తగ్గింది. ఎందుకంటే కొత్త డబ్బంతా ఇండియాలోకే వెళ్ళింది. మీరు వేసే 20 లక్షలు 2019 నాటి ఫండ్‌లోకి వెళ్ళవు, ఇవాళ్టి ఫండ్‌లోకి వెళ్తాయి. దాని పాత రాబడి చూసి కొనడమంటే ఇంకో ఫండ్ మార్కులు చూసి దీన్ని కొనడమే.

బెజవాడ బుల్

కాసే చెట్టుకే రాళ్ళ దెబ్బలు! మాస్టారూ, ఈ మాట ఫండ్ పదివేల కోట్లున్నప్పుడూ విన్నాం, యాభై వేలున్నప్పుడూ విన్నాం. విని బయటికొచ్చినవాళ్ళకి ఏం మిగిలింది? లక్ష కోట్లంటే వినడానికి పెద్ద సంఖ్యే. కానీ బీఎస్ఈలో ఉన్న కంపెనీలన్నిటి విలువ 2024లోనే 400 లక్షల కోట్లు దాటింది. అందులో ఇది పావు శాతం. ఫండ్‌తో పాటు మార్కెట్ కూడా పెరిగింది.

హన్మకొండ శ్రీలత

బుల్ అన్నా, మొత్తం మార్కెట్‌తో పోలిస్తే పావు శాతమే, నిజమే. కానీ ఫండ్ మార్కెట్ మొత్తాన్ని కొనదు కదా, కంపెనీలని కొంటుంది. అక్కడ లెక్క వేరే.

సెబీ రూలు ప్రకారం ఒక ఫండ్ హౌస్‌లోని స్కీములన్నీ కలిపినా ఒక కంపెనీ ఓటింగ్ షేర్లలో 10 శాతం దాటకూడదు. 10 వేల కోట్ల కంపెనీ ఒకటి అనుకుందాం. అందులో గరిష్ఠంగా కొనగలిగేది వెయ్యి కోట్లు. లక్ష కోట్ల ఫండ్‌లో అది ఒక్క శాతం. ఆ షేరు రెట్టింపయితే మన యూనిట్‌కి కలిసొచ్చేదీ ఒక్క శాతమే. ఇదే ఫండ్ రెండు వేల అయిదొందల కోట్లున్నప్పుడు అదే కంపెనీలో 125 కోట్లు పెడితే చాలు, పోర్ట్‌ఫోలియోలో 5 శాతం అయ్యేది.

పైగా కొనడం ఒక్క రోజులో అయ్యే పని కాదు. ఆ షేరు రోజుకి 20 కోట్ల లావాదేవీ జరుగుతుందనుకోండి. ధర ఎగిరిపోకుండా అందులో అయిదో వంతు తీసుకుంటే రోజుకి 4 కోట్లు. వెయ్యి కోట్లు నిండడానికి 250 ట్రేడింగ్ రోజులు, అంటే ఏడాది! అమ్మడానికి ఇంకో ఏడాది. ఏ మేనేజరైనా ఏం చేస్తాడు? హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు, ఐసీఐసీఐ బ్యాంకు, పవర్ గ్రిడ్, కోల్ ఇండియా, ఐటీసీ దగ్గరికి వెళ్తాడు. అవి మంచివి కావని నేననను. మాస్టారు చెప్పిన మూడో దారి మూసుకుపోయిందని మాత్రం అంటాను.

కొత్తగా చేరాను

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. యూనిట్ 80 దాటిందంటే ఖరీదు కదా? మా బ్యాంకులో రిలేషన్‌షిప్ మేనేజర్ పది రూపాయలకే కొత్త ఫండ్ వస్తోంది, ఎక్కువ యూనిట్లు వస్తాయి అని చెప్పారు.

హన్మకొండ శ్రీలత

యూనిట్ ధరకి, ఖరీదుకి సంబంధం లేదమ్మా. లోపలున్న షేర్లు 10 శాతం పెరిగితే 80 కాస్తా 88 అవుతుంది, 10 కాస్తా 11 అవుతుంది. నీ లక్ష రెండు చోట్లా లక్షా పదివేలే. ఆ మేనేజర్ అమ్మేది రెగ్యులర్ ప్లానా (అమ్మినవాళ్ళకి కమీషన్ ఉండేది), డైరెక్టా అని ఒక్క ముక్క అడిగి చూడు, ఆయన ఉత్సాహం ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుస్తుంది.

పాత కాపు

ఈ సైజు గొడవ కొత్తది కాదు బాబూ. అమెరికాలో ఫిడెలిటీ మాజెలాన్ కథ చూడండి. 1977లో పీటర్ లించ్ చేతికి వచ్చినప్పుడు అందులో దాదాపు 18 మిలియన్ డాలర్లుండేవి. 1990లో ఆయన దిగిపోయేసరికి 14 బిలియన్లు. ఏడాదికి సగటున 29 శాతం. ఆయన తరవాత కూడా డబ్బు వస్తూనే ఉంది. 1997లో కొత్తవాళ్ళకి తలుపులు మూశారు. 2000లో వంద బిలియన్లు దాటింది. ఆ ఏడాదే వాన్‌గార్డ్ ఇండెక్స్ ఫండ్ సైజులో దాన్ని దాటేసింది. తరవాత చాలా ఏళ్ళు మాజెలాన్ ఎస్ అండ్ పీ 500 (అమెరికా పెద్ద కంపెనీల సూచీ) వెనకే నడిచింది. 2008లో మళ్ళీ తలుపులు తీసేనాటికి లోపలికి రావడానికి జనం తోసుకోలేదు.

ఇది చదివి ఇవాళే అమ్మేయకండి. రెండో కథ కూడా వినాలి. మన దగ్గర హెచ్‌డీఎఫ్‌సీ ఈక్విటీ ఫండ్, అదే ఇప్పటి హెచ్‌డీఎఫ్‌సీ ఫ్లెక్సీ క్యాప్, ప్రశాంత్ జైన్ చూసేవారు. 2018 నుంచి 2020 దాకా ప్రభుత్వ బ్యాంకులు, ఇంధన కంపెనీలు పట్టుకుని కూచున్నారు. ఫండ్ వెనకబడింది. "పెద్దదైపోయింది, ఆయన పని అయిపోయింది" అన్నారు అందరూ. 2021, 22లో అవే షేర్లు లేచాయి. 2022 జులైలో ఆయన వెళ్ళిపోయేనాటికి ఫండ్ మళ్ళీ ముందు వరసలో ఉంది. సైజు అడ్డమే అయితే అది లేవకూడదు కదా! పెద్ద కంపెనీల్లో పందెం కాసే మేనేజర్‌కి సైజు పెద్దగా అడ్డు కాదు. చిన్న కంపెనీల్లో వెతుక్కునేవాడికి మాత్రం ఉరే.

లెక్కల మాస్టారు

పాత కాపు గారి చివరి రెండు వాక్యాలు నాకు నచ్చాయి. పరాగ్ పారిఖ్ ఈ రెండింట్లో ఏ రకం అన్నదే ఇప్పుడు తేలాలి.

ఇక రెండో దారి, చేతిలో నగదు. 2025లో ఈ ఫండ్‌లో నగదు, డెట్ (వడ్డీ ఇచ్చే బాండ్లు), ఆర్బిట్రేజ్ (షేరు కొని, అదే షేరుని ముందు తేదీకి అమ్మే ఒప్పందం చేసుకుని ధరల తేడా మిగుల్చుకోవడం) కలిపి అయిదో వంతుకి అటూ ఇటూగా ఉంటూ వచ్చింది. దీన్ని భయం అనీ అనొచ్చు, తెలివి అనీ అనొచ్చు. లెక్క మాత్రం ఇది. 20 శాతం నగదు మీద ఆరున్నర శాతం వడ్డీ అనుకోండి. మొత్తం ఫండ్‌కి అది 1.3 శాతం ఇస్తుంది. మార్కెట్ 15 శాతం పెరిగిన ఏడాది దాంతో సమానంగా నిలబడాలంటే మిగతా 80 శాతం షేర్లు 17 శాతం పైనే పెరగాలి. అదే మార్కెట్ 20 శాతం పడితే, షేర్లు కూడా అంతే పడ్డా ఫండ్ పడేది 14.7 శాతం. కాబట్టి పడ్డప్పుడు తక్కువ పడిందని మెచ్చుకునేవాళ్ళు అందులో ఎంత నగదు వల్ల, ఎంత ఎంపిక వల్ల అని విడదీసి చూడాలి. నగదు వల్ల అయితే అది నీ ఇంట్లో ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా చేసే పనే. పడ్డప్పుడు ఆ నగదుతో కొన్నారా లేదా అన్నదే మేనేజర్‌కి పరీక్ష. 2020 మార్చిలో కొన్నారు, ఆ మార్కులు నేను ఇస్తాను.

బెజవాడ బుల్

ఇచ్చారు, సంతోషం. ఇంకో మార్కు కూడా ఇవ్వండి. 2015 మేలో వ్యవస్థాపకుడు పరాగ్ పారిఖ్ వారెన్ బఫెట్ కంపెనీ బెర్క్‌షైర్ సమావేశానికని అమెరికాలోని ఒమాహా వెళ్ళి, అక్కడే రోడ్డు ప్రమాదంలో పోయారు. ఫండ్‌కి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. ఇంకోటయితే అక్కడితో చెదిరిపోయేది. ఇది నిలబడింది. అలాగే వీళ్ళ దగ్గర స్కీములు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. డిఫెన్స్ ఫండ్, మాన్యుఫాక్చరింగ్ ఫండ్ అని సీజనుకొకటి తెచ్చి జనం మీద వదల్లేదు. ఇవి ఏ ఎక్సెల్ గడిలోనూ కనపడవు మాస్టారూ.

సిద్దిపేట సైదులు

నేనే ఆ బావమరిదిని 😄 బావా, నేను చెప్పింది సగమే రాసినవ్ ఇక్కడ.

నా మాట ఇది. ఈ ఫండ్ చెడ్డదని నేనెప్పుడూ అనలేదు. గెలిచే ఫండ్ ఏదో ముందే తెలుసుకోవడం కష్టం అన్నాను. 2013లో ఫ్లెక్సీ క్యాప్ తరహా ఫండ్లు బోలెడు. వాటిలో ఈ చిన్న ఫండే గెలుస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు? అందరికీ తెలిసేసరికి లక్ష కోట్లయింది. జనం డబ్బులో ఎక్కువ భాగం 2020 తరవాతే వచ్చింది. మొదటి నుంచీ వచ్చిన రాబడి అని ఫ్యాక్ట్‌షీట్‌లో (ఫండ్ హౌస్ నెలనెలా ఇచ్చే సమాచార పత్రం) వేసే అంకె ఆ మొదటి కొద్దిమందికి దక్కింది, చివర వచ్చిన లక్షలమందికి కాదు. నిఫ్టీ 500 (మన మార్కెట్‌లో 500 పెద్ద కంపెనీల సూచీ) ఇండెక్స్ ఫండ్ డైరెక్ట్‌లో ఖర్చు పావు శాతం చుట్టూ ఉంటది. 20 లక్షల మీద ఏడాదికి అయిదు వేలు. నీ ఫండ్‌లో డైరెక్ట్‌కే 0.6 చుట్టూ, అంటే 12 వేలు. రెగ్యులర్ అయితే 1.3 దగ్గర, 26 వేలు. మేనేజర్ ఉంటాడా, వెళ్తాడా అన్న టెన్షన్ కూడా ఉండదు.

హన్మకొండ శ్రీలత

సైదులు తమ్ముడూ, ఖర్చు విషయంలో ఒక మాట. ఫండ్ పెరిగితే ఖర్చు తగ్గాలని సెబీయే పెట్టింది. 2019 ఏప్రిల్‌లో వచ్చిన శ్లాబుల్లో మొదటి 500 కోట్ల మీద 2.25 శాతం దాకా వసూలు చేసుకోనిచ్చేవారు, 50 వేల కోట్లు దాటిన సొమ్ము మీద 1.05 శాతమే. అంటే సైజు వల్ల మనకి జరిగిన మేలు ఇదొక్కటి. బదులుగా పోయింది పైన రాశాను. పావు శాతం దగ్గర ఇండెక్స్, 0.6 దగ్గర ఇది. ఈ తేడా పూడ్చడం పెద్ద విషయం కాదు, నగదు వల్ల పడే వెనకబాటు పూడ్చడమే పెద్ద విషయం.

డల్లాస్ బాబాయ్

అమెరికాలో ఉన్నవాళ్ళు ఇది చదివి ఉత్సాహపడకండి. ఇక్కడ పన్ను కట్టేవాళ్ళకి ఇండియా మ్యూచువల్ ఫండ్ అంటే పీఫిక్ (విదేశీ పెట్టుబడి కంపెనీ కింద లెక్క). ఫారం 8621 నింపాలి, పన్ను లెక్క నరకం. అందులోని ఆల్ఫాబెట్ కోసమే అయితే మీ బ్రోకరేజ్ ఖాతాలో నేరుగా కొనుక్కోవచ్చు.

కాకినాడ కాజా

సైదులూ, ఇంటికొచ్చినప్పుడు నీ సంగతి చెప్తా! ఇంతకీ మాస్టారూ, ఈ ఫండ్‌ని దేనితో పోల్చాలి? ఫ్యాక్ట్‌షీట్‌లో నిఫ్టీ 500 టీఆర్ఐ (డివిడెండ్లు కూడా కలిపి లెక్కించే సూచీ) అని ఉంది. అమెరికా షేర్లున్న ఫండ్‌ని దాంతో పోలిస్తే లెక్క కుదురుతుందా?

లెక్కల మాస్టారు

కుదరదు, మీరు సరైన చోట పట్టుకున్నారు. 2022 చూడండి. మెటా దాదాపు 64 శాతం, అమెజాన్ దాదాపు 50, ఆల్ఫాబెట్ దాదాపు 39 శాతం పడ్డాయి. ఆ ఏడాది ఈ ఫండ్ నష్టంలో ముగిసింది, నిఫ్టీ 500 లాభంలో ముగిసింది. ఫండ్ చెడిపోయిందా? లేదు. అంతకుముందు ఏళ్ళలో నిఫ్టీ 500ని చిత్తుచేసినప్పుడు అదంతా మేనేజర్ గొప్పా? అదీ కాదు. పావు వంతు నాస్‌డాక్ తరహా (అమెరికా టెక్ కంపెనీల) షేర్లు పెట్టుకున్నవాడు ఎవడైనా అప్పుడు గెలిచేవాడే. కాబట్టి మీరే ఒక సొంత కొలబద్ద తయారు చేసుకోండి. ఏ ఏడాదికి ఆ ఏడాది ఫండ్‌లో ఇండియా షేర్లు, అమెరికా షేర్లు, నగదు ఎంతెంత ఉన్నాయో చూసి, అదే నిష్పత్తిలో నిఫ్టీ 500 టీఆర్ఐ, నాస్‌డాక్ 100 రూపాయల్లో, లిక్విడ్ ఫండ్ (కొద్దిరోజుల అప్పులిచ్చి వడ్డీ తెచ్చే ఫండ్) కలపండి. ఫండ్ దాన్ని ఎంత దాటిందో అదే ఎంపికలో చూపిన తెలివి. ఆ నిష్పత్తి ఎంచుకోవడంలోనూ తెలివి ఉందనుకోండి, దాన్ని వేరే లెక్క కట్టాలి. రోలింగ్ రాబడి కూడా ఇలాగే చూడాలి: ప్రతి నెలా మొదటి తేదీన పెట్టుంటే అయిదేళ్ళకి ఎంత వచ్చేది అని. రోజువారీ ఎన్ఏవీలు (యూనిట్ ధరలు) ఫండ్ హౌస్‌ల సంఘం ఆంఫీ సైట్‌లోనే ఉంటాయి.

ఇంకొకటి, ఇది నేను ప్రతి నెలా చేసే పని. ఫండ్ హౌస్ సైట్‌లో నెల పోర్ట్‌ఫోలియో ఎక్సెల్ పెడతారు. జనం అందులో చివరి గడి చూస్తారు, నికర ఆస్తుల్లో శాతం. అది మోసం చేస్తుంది. ధర పెరిగినా శాతం పెరుగుతుంది, వేరే షేరు పడినా పెరుగుతుంది. మీరు "క్వాంటిటీ" గడి చూడండి. కిందటి నెల ఎన్ని షేర్లు, ఈ నెల ఎన్ని. షేర్ల సంఖ్య పెరిగితే కొన్నట్టు, తగ్గితే అమ్మినట్టు. రెండు నెలల షీట్లు పక్కపక్కన పెట్టి తీసివేత చేస్తే, లక్ష కోట్లతో మేనేజర్ నిజంగా ఏం చేస్తున్నాడో కనపడుతుంది. కింద డెరివేటివ్స్ (ముందు తేదీ ఒప్పందాలు) భాగం కూడా చూడటం మరవకండి. పైన కొన్నట్టు కనపడే షేరుకి కింద అంతే ఫ్యూచర్స్ అమ్మి ఉంటే అది ఆర్బిట్రేజ్. షేరు మీద నమ్మకంతో కొన్నది కాదు, వడ్డీ కోసం పెట్టింది. చాలామంది యూట్యూబర్లు దాన్ని చూసి "ఫండ్ ఈ నెల ఫలానా షేరు కొన్నది" అని వీడియో చేసేస్తారు.

పాత కాపు

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, అసలు విషయం ఎవరూ అడగలేదు. కాజా గారూ, ఈ 20 లక్షలు ఎప్పటికి కావాలి?

కాకినాడ కాజా

అమ్మాయి ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. ఇంజినీరింగ్ ఫీజులు ఇందులోంచే కట్టాలి. ఓ పది లక్షలు దానికి పోతాయి. మిగతాది ఇప్పట్లో అక్కర్లేదు.

పాత కాపు

అదీ సంగతి! ఫీజుల పది లక్షలు ఈ ఫండ్‌లోనూ వద్దు, ఇండెక్స్‌లోనూ వద్దు. బ్యాంకు డిపాజిట్‌లోనో లిక్విడ్ ఫండ్‌లోనో పెట్టండి. పైగా ఈ ఫండ్‌కి ఎగ్జిట్ లోడ్ (ముందే తీస్తే పడే కోత) గట్టిగా ఉంటుంది. యూనిట్లలో 10 శాతం మినహాయించి, ఏడాదిలోపు తీస్తే 2 శాతం, రెండో ఏడాదిలో తీస్తే 1 శాతం. ధర మారలేదనుకుని 20 లక్షలూ ఏడాదిలోపు తీశారంటే 36 వేలు అక్కడే వదులుకోవాలి.

సిద్దిపేట సైదులు

చూసినవా బావా, బావమరిది మాట చేదే.

సరే, మిగతా పది లక్షలు చెరి సగం చేద్దాం. అయిదు ఇండెక్స్‌లో, అయిదు ఇందులో. పాత యూనిట్లు మాత్రం ఇప్పుడు అమ్మకు. నీకు లాభం ఎనిమిది లక్షలుందనుకో. పన్ను లేని లక్షా పాతిక వేలు తీసేస్తే 6.75 లక్షల మీద 12.5 శాతం, సెస్‌తో కలిపి 87,750 రూపాయల పన్ను. సరైన కారణం లేకుండా అంత డబ్బు ప్రభుత్వానికి ముందే ఎందుకు కట్టాలి?

బెజవాడ బుల్

చెరి సగం అంటే ఎటూ తేల్చుకోలేకపోవడమే. నమ్మితే పదీ పెట్టండి, నమ్మకపోతే సున్నా.

హన్మకొండ శ్రీలత

నేనైతే ఒప్పుకోను అన్నా. తేలని విషయాన్ని తేలినట్టు నటించడం కన్నా సగం మేలు. నేను కూడా ఇదే ఫండ్‌లో ఉన్నాను, సిప్ ఆపలేదు. కొత్తగా పెద్ద మొత్తం మాత్రం వెయ్యను. ఎప్పుడు బయటికి రావాలో కాగితం మీద రాసిపెట్టుకున్నాను. ఠక్కర్, ఆయన టీమ్ రెండూ మారితే. నగదు తగ్గి, ఇండియా షేర్లు నిఫ్టీ 500 జాబితాలాగే కనపడటం మొదలైతే. మాస్టారు చెప్పిన సొంత కొలబద్దకి అయిదేళ్ళ రోలింగ్‌లో వరసగా వెనకబడితే. ఒక ఏడాది పడిందని మాత్రం రాను.

లెక్కల మాస్టారు

శ్రీలత గారూ, రెండోది ఎలా కొలుస్తారు? ఇండెక్స్‌తో కలిసే భాగం లెక్క కడుతున్నారా, కంటితో చూస్తున్నారా?

హన్మకొండ శ్రీలత

లెక్కే మాస్టారూ. ప్రతి షేరుకీ ఫండ్‌లో బరువు, ఇండెక్స్‌లో బరువు, రెండింట్లో తక్కువది తీసుకుని అన్నీ కూడతాను. ఆర్బిట్రేజ్ తీసేసి, ఇండియా షేర్ల భాగాన్ని వందకి సర్దాక. అరవై దాటితే నాకు ఇండెక్స్ ఫండే చాలు. షీట్ ఇక్కడ పెట్టమంటే పెడతాను, కానీ మెర్జ్ చేసిన గడులున్నాయి, తిట్టకూడదు.

కాకినాడ కాజా

పెట్టండి మేడమ్, తిట్టం. ఫీజుల పది లక్షలు డిపాజిట్‌కే వెళ్తున్నాయి, అది తేలిపోయింది. మిగతా పది లక్షలు ఆ షీట్ చూశాకే. సైదులూ, ఆదివారం నీ ల్యాప్‌టాప్ పట్టుకుని రా.